టెక్ సందేహాలు: పది అడుగుల హాల్లోకి ఏ టీవీ?

ప్రశ్న: మాది కావలి. నాన్నగారి కోసం 43 అంగుళాల టీవీ కొందామని నెల్లూరు ట్రంకు రోడ్డులో రెండు షాపులు తిరిగాం. ఒకాయన ఫుల్ హెచ్‌డీ చాలన్నాడు. ఇంకొకాయన 4కే క్యూఎల్‌ఈడీ తప్ప వద్దంటున్నాడు. సోఫాకీ టీవీ గోడకీ మధ్య పది అడుగులుంటుంది. నాన్నగారు కేబుల్లో వార్తలు, పాత సినిమాలు చూస్తారు. ఏది తీసుకోమంటారు?

జవాబు: రిజల్యూషన్ అంటే తెర మీద ఉండే చుక్కల లెక్క. ఫుల్ హెచ్‌డీలో 1920×1080, అంటే దాదాపు 20.7 లక్షల చుక్కలు. 4కేలో 3840×2160, దాదాపు 83 లక్షలు. షాపులో ఇంతవరకే చెబుతారు. కానీ తెరలో చుక్కలుంటే సరిపోదు, వచ్చే బొమ్మలోనూ ఉండాలి. మామూలు ఎస్‌డీ చానల్ బొమ్మ 720×576. దాన్ని 4కే తెర నిండా పరచాలంటే ఒక్కో చుక్కను ఇరవై చేయాలి. లేనివాటిని టీవీ అంచనా వేసి నింపుతుంది. అందుకే కొత్త టీవీలో వార్తల కింద పరుగెత్తే అక్షరాల అంచులు అలుక్కుపోయినట్టు కనిపిస్తాయి. టీవీలో లోపం ఉందేమోనని చాలామంది టెన్షన్ పడతారు. లోపం టీవీలో లేదు. ముందు కేబుల్ ఆయన్ను అడిగి హెచ్‌డీ బాక్సు, హెచ్‌డీ ప్యాక్ పెట్టించండి. నాన్నగారికి అన్నిటికంటే ఎక్కువ తేడా దానితోనే తెలుస్తుంది.

ఇక దూరం. 43 అంగుళాల ఫుల్ హెచ్‌డీ తెరకు ఆరడుగులు దాటి కూర్చుంటే మామూలు చూపుకి చుక్కలు విడిగా కనబడవు. పది అడుగుల నుంచి 4కేకీ దానికీ తేడా పట్టుకోవడం కష్టం. అదనంగా పెట్టే డబ్బుతో సైజు పెంచుకోండి. పెద్దవాళ్ల కళ్లకు పెద్ద అక్షరాలే హాయి. 50, 55 అంగుళాల్లో దొరికేవి ఎలాగూ ఎక్కువగా 4కేనే.

ఎల్‌ఈడీ, క్యూఎల్‌ఈడీ రెండూ ఎల్‌సీడీ తెరలే, వెనక లైటు వెలుగుతుంది. క్యూఎల్‌ఈడీలో అదనంగా ఉండే క్వాంటమ్ డాట్ పొర వల్ల రంగులు నిండుగా వస్తాయి. ఓఎల్‌ఈడీ వేరు. అందులో ప్రతి చుక్కా తనంతట తానే వెలుగుతుంది, నలుపు దగ్గర పూర్తిగా ఆరిపోతుంది. చీకటి సీన్లు ఎంత బాగుంటాయో! అయినా మీకు వద్దంటాను. రోజంతా వార్తలు నడిస్తే చానల్ లోగో మచ్చలా తెర మీద ఉండిపోయే ప్రమాదం ఉంది.

షాపుకి ఒక పెన్‌డ్రైవ్ తీసుకెళ్లండి. అందులో మీ ఇంట్లో ఫోన్‌తో తీసిన పెళ్లి వీడియో వేసుకోండి. షాపువాళ్ల డెమో ఆపించి, పిక్చర్ మోడ్ 'స్టాండర్డ్'కి మార్పించి అది చూడండి. మీ వాళ్ల ముఖం రంగు మీకు తెలుసు కదా, తేడా ఉంటే ఇట్టే దొరికిపోతుంది. తర్వాత పక్కకి జరిగి చూడండి. అమ్మగారు ఓ మూల కూర్చుని చూసేవారైతే ఇది ముఖ్యం: ఎల్‌సీడీ తెరల్లో (ప్యానెళ్లలో) వీఏ, ఐపీఎస్ అని రెండు రకాలుంటాయి. వీఏ ప్యానెల్‌లో నలుపు బాగుంటుంది కానీ పక్క నుంచి రంగు వెలిసినట్టుంటుంది, ఐపీఎస్‌లో పక్క నుంచి చూసినా రంగు నిలబడుతుంది.

ప్రశ్న: ఒంగోలు నుంచి. 4కే టీవీ కొన్నాం, యూట్యూబ్ మసకగానే వస్తోంది. ఎందుకు?

జవాబు: వీడియో నడుస్తుండగా సెట్టింగ్స్‌లో క్వాలిటీ ఎంత ఉందో చూడండి. 480 అని ఉంటే నెట్ అందడం లేదన్నమాట. యూట్యూబ్‌లో 4కేకి 20 ఎంబీపీఎస్ (నెట్ వేగం కొలత) దాకా టీవీకి రావాలి. రూటర్ వేరే గదిలో ఉంటే అక్కణ్నుంచి టీవీకి నేరుగా ల్యాన్ వైరు లాగించండి.