కొత్త స్టేడియం మన గుడి దగ్గరే ఎందుకు?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

న్యూయార్క్ సిటీ ఫుట్‌బాల్ క్లబ్ (ఇక్కడ అందరూ ఎన్‌వైసీఎఫ్‌సీ అంటారు) కొత్త స్టేడియం గురించి కిందటి సంచికలో నాలుగు ముక్కలు రాశాను. దాని మీద చాలా ఉత్తరాలు వచ్చాయి. ఎక్కువమంది అడిగినవాటికి ఇక్కడ జవాబిస్తున్నాను.

ప్రశ్న: మేడం, మాది ఫ్లషింగ్. బౌన్ స్ట్రీట్ గణేశుడి గుడికి వారం వారం వెళ్తాం. అక్కడికి రెండు మైళ్లు కూడా లేని విల్లెట్స్ పాయింట్‌లో సాకర్ స్టేడియం కడుతున్నారు. ఇప్పటికే ఒకవైపు మెట్స్ బేస్‌బాల్, ఇంకోవైపు యూఎస్ ఓపెన్ టెన్నిస్. వినాయక చవితికి కారు పెట్టుకోవాలంటే వీధి వీధీ తిరగాల్సి వస్తోంది. ఇంత పెద్ద న్యూయార్క్‌లో వీళ్లకు ఇంకెక్కడా చోటు దొరకలేదా?
– ఒక గృహిణి, ఫ్లషింగ్

జవాబు: వాళ్లు వెతకని చోటు లేదండీ. మాంచెస్టర్ సిటీ యజమానులు, యాంకీస్ బేస్‌బాల్ వాళ్లు కలిసి 2013లో ఈ జట్టును ప్రకటించారు. 2015లో ఆట మొదలుపెట్టిన నాటినుంచీ దానికి సొంత ఇల్లు లేదు. బ్రాంక్స్‌లోని యాంకీ స్టేడియంలో ఆడుతుంది. అది బేస్‌బాల్ కోసం కట్టింది కాబట్టి బంతి విసిరేవాడు నిలబడే మట్టిదిబ్బను చదును చేసి, ఎర్రమట్టి మీద పచ్చిక చుట్టలు పరిచి ఫుట్‌బాల్ ఆడిస్తారు. పై వరసలో కూర్చున్నా ఆ అతుకులు కనిపిస్తాయి. కొత్తగా పరిచిన చోట బంతి ఒకలా, పాత పచ్చిక మీద ఇంకోలా పోతుంది. మైదానం కూడా వీళ్లాడే లీగ్‌లో (మేజర్ లీగ్ సాకర్) బాగా ఇరుకైనవాటిలో ఒకటి. బేస్‌బాల్ తేదీలు అడ్డొస్తే మూటాముల్లె సర్దుకుని మెట్స్ వాళ్ల స్టేడియం సిటీ ఫీల్డ్‌కో, న్యూజెర్సీ హారిసన్‌లో సాక్షాత్తూ ప్రత్యర్థి రెడ్ బుల్స్ స్టేడియానికో పోవాలి. 2017లో ఒక మ్యాచ్ కనెక్టికట్‌లో ఆడారు. 2021లో లీగ్ కప్పు గెలిచిన జట్టు పరిస్థితి ఇది.

ఇక చోట్ల సంగతి. జట్టు పుట్టకముందే, 2012లో, లీగ్ వాళ్లు ఫ్లషింగ్ మెడోస్ పార్కులో స్థలం అడిగారు. జనం ఒప్పుకోలేదు. తర్వాత యాంకీ స్టేడియం పక్కనే ఉన్న పార్కింగ్ స్థలాలు, ఒక ఎలివేటర్ విడిభాగాల ఫ్యాక్టరీ స్థలం కలిపి కడదామన్నారు. ఏళ్ల తరబడి నలిగి, పార్కింగ్ లెక్కల దగ్గర తేలక అదీ పోయింది. 2017లో గుర్రప్పందేలు జరిగే బెల్మాంట్ పార్కు దగ్గర ప్రయత్నిస్తే ఆ స్థలం ఐస్ హాకీ జట్టుకు దక్కింది. బ్రాంక్స్‌లోనే హార్లెమ్ నది ఒడ్డున రైలు యార్డు స్థలం మీద కూడా ఒక ప్రతిపాదన వచ్చి వెళ్లింది. చివరికి 2022 నవంబరులో విల్లెట్స్ పాయింట్ ఖాయమైంది. 2024 ఏప్రిల్లో నగర కౌన్సిల్ 47–1తో ఆమోదించింది, డిసెంబరులో శంకుస్థాపన జరిగింది. 2027లో తెరుస్తారు.

మీకు కోపం తెప్పించినా సరే, నా అభిప్రాయం దాచుకోను. వీటన్నిటిలో సరైన చోటు ఇదే. సెవెన్ ట్రైన్ (7 నంబరు సబ్‌వే రైలు) దిగితే ఎదురుగా స్టేడియం. లాంగ్ ఐలాండ్ రైల్‌రోడ్ స్టేషన్ కూడా పక్కనే. మన ఉప్పల్లో ఐపీఎల్ చూసి జనం మెట్రో ఎక్కి ఇంటికి పోతారు చూడండి, అలా పోవచ్చు. బ్రాంక్స్‌లో ఐనా రైలుంది గానీ అక్కడ ఖాళీ స్థలం లేదు. బెల్మాంట్‌లో స్థలముంది గానీ అది నగరం అంచు.

మీ ట్రాఫిక్ భయం మాత్రం ఉత్తది కాదు. సిటీ ఫీల్డ్‌లో 41 వేలకు పైగా సీట్లు, కొత్త స్టేడియంలో 25 వేలు. యూఎస్ ఓపెన్‌కి ఆ కొద్ది వారాల్లో పది లక్షలకు పైగా జనం వస్తారు. పైగా 2027 నుంచి ఈ లీగ్ తన సీజన్‌ను జులైలో మొదలుపెట్టబోతోంది. అంటే ఆగస్టు, సెప్టెంబరుల్లో మూడు ఆటలూ ఒక్కచోటే. 2027లో మన చవితి కూడా సెప్టెంబరు మొదటి వారంలో, లేబర్ డే సెలవుల దగ్గరే పడుతోంది. కాబట్టి స్టేడియం వద్దని ఇప్పుడు అనుకుని లాభం లేదు, తేదీల గురించి అడగండి. విల్లెట్స్ పాయింట్ కమ్యూనిటీ బోర్డ్ 7 (నగరానికి స్థానికుల మాట చేరవేసే సలహా సంఘం) కిందికి వస్తుంది, మీ ఫ్లషింగ్ కూడా అందులోదే. గుడి కమిటీ పెద్దలు ఉత్సవాల తేదీలు, రథం తిరిగే రోజు రాసిచ్చి, ఆ రోజు ట్రాఫిక్ పోలీసుల ఏర్పాటు ఏమిటో బోర్డు మీటింగ్‌లో అడగాలి. చైనీస్ చర్చీల వాళ్లు, కొరియన్ దుకాణదారులు అలాంటి మీటింగులకు వచ్చి రెండేసి నిమిషాలు మాట్లాడి వెళ్తుంటారు. మనవాళ్లు వాట్సాప్‌లో మాట్లాడుకుంటారు. ఇది నాకు నిజంగా బాధగా ఉంటుంది.

ప్రశ్న: మేడం గారూ, ఫ్లషింగ్ మెడోస్ అంత పెద్ద పార్కు కదా. అందులో ఓ 13 ఎకరాలు ఇచ్చేసి ఉంటే పదేళ్ల కిందటే స్టేడియం వచ్చేది. పార్కు, పార్కు అని గోల చేసి ఆపడం ఏం న్యాయం? నేను క్రికెట్ ఆడతాను, ఇండియా–పాకిస్తాన్ మ్యాచ్ కూడా ఇక్కడే చూశాను. ఆటలకు స్టేడియాలు కావాలా వద్దా?
– ఐటీ ఉద్యోగి, ఎడిసన్, న్యూజెర్సీ

జవాబు: మీరు చూసిన ఆ మ్యాచ్ సంగతే చెప్తాను తమ్ముడూ. 2024 టీ20 ప్రపంచ కప్పు కోసం 34 వేల సీట్ల తాత్కాలిక స్టేడియాన్ని మొదట బ్రాంక్స్‌లోని వాన్ కోర్ట్‌లాండ్ పార్కులో కట్టాలనుకున్నారు. అడ్డుపడినవాళ్లలో ముందున్నది ఎవరో తెలుసా? ఆ పార్కులో వారం వారం ఆడే క్రికెట్ లీగుల వాళ్లే. జమైకా, గయానా, ఇండియా, పాకిస్తాన్, బంగ్లాదేశ్ నుంచి వచ్చి, సెక్యూరిటీ గార్డులుగా, నర్సులుగా, డ్రైవర్లుగా పనిచేస్తూ శని ఆదివారాల్లో తెల్ల ప్యాంట్లు వేసుకుని అక్కడ ఆడుకునేవాళ్లు. పెద్ద క్రికెట్ వస్తే తమ చిన్న క్రికెట్ ఒక సీజన్ పోతుందని వాళ్లకు అర్థమైంది. దాంతో స్టేడియం లాంగ్ ఐలాండ్‌లోని ఐసెన్‌హోవర్ పార్కుకు మారింది. జూన్ 9న మనం ఆరు పరుగులతో గెలిచాం, టోర్నీ అయ్యాక స్టాండ్లన్నీ విప్పేశారు.

ఫ్లషింగ్ మెడోస్‌లోనూ అదే కథ. 2012లో అడిగింది 1964 ప్రపంచ ప్రదర్శన నాటి పెద్ద ఫౌంటెన్ ఉన్న చోటు. నీళ్లు చిమ్మని ఫౌంటెనే కదా, పోతే పోయిందని బయటివాళ్లకు అనిపిస్తుంది. ఒక ఆదివారం ఆ పార్కులో నడిచి చూడండి. పక్కనే ఉన్న కొరోనా, ఎల్మ్‌హర్స్ట్ పేటల్లో ఒక్కో గదిలో నలుగురేసి ఉండే ఈక్వెడార్, మెక్సికో కుటుంబాలకు అదే వాకిలి, అదే పెరడు. ఒక పక్క మొక్కజొన్న కాలుతుంటుంది, ఇంకో పక్క ముగ్గురేసి ఆడే ఈక్వెడార్ వాలీబాల్, దాని నెట్టు మన నెట్టుకన్నా బాగా ఎత్తు. ఫుట్‌బాల్ ఆడేవాళ్ల కాళ్ల కింద పచ్చిక అరిగి నేల నున్నగా, గట్టిగా ఉంటుంది. మైదానం దొరకని పిల్లలు చెట్ల మధ్య స్కూలు బ్యాగులు గోల్‌పోస్టులుగా పెట్టుకుంటారు. ఆ చోటు తీసుకుని, దానికి బదులు ఇంకెక్కడో పార్కు ఇస్తామంటే ఆ పిల్లలు అక్కడికి నడిచి వెళ్లగలరా? టికెట్ కొని చూసే ఫుట్‌బాల్ కోసం టికెట్ లేకుండా ఆడే ఫుట్‌బాల్‌ను తీసేయడం నాకు ఏ కోశానా న్యాయంగా అనిపించదు.

ఇక్కడి చట్టం కూడా పార్కు భూమిని అంత తేలిగ్గా వదలదు. రాష్ట్ర శాసనసభ ఒప్పుకుంటేనే వేరే పనికి వాడాలి. సిటీ ఫీల్డ్ పార్కింగ్ స్థలంలో షాపింగ్ మాల్ కట్టబోతే 2017లో రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం ఆపేసింది. పైన తారు పోసి కార్లు పెట్టినా కాగితాల్లో అది పార్కు భూమే అని తేల్చింది.

ప్రశ్న: అక్కా, నేను క్యాబ్ నడుపుతాను. విల్లెట్స్ పాయింట్ ఖాళీ స్థలం అని మీరు రాశారు. అది ఖాళీగా ఎప్పుడుంది? మా డ్రైవర్లందరం బండ్లు అక్కడే బాగు చేయించుకునేవాళ్లం. వాళ్లంతా ఏమయ్యారు?
– క్యాబ్ డ్రైవర్, జాక్సన్ హైట్స్

జవాబు: మీరడిగింది న్యాయమైన ప్రశ్న. స్టేడియం కట్టేనాటికి ఆ నేల ఖాళీ. కానీ దాన్ని ఖాళీ చేయించారు.

నా పాత కరోలా సైడ్ మిర్రర్ విరిగితే నేనూ అక్కడికే వెళ్లాను. సిటీ ఫీల్డ్ గోడ దాటి లోపలికి తిరగ్గానే రోడ్డు మీదికొచ్చి చేతులూపేవాళ్లు – మఫ్లరా, అద్దమా, టైరా అని. వాన పడి వారమైనా చక్రాలు సగం మునిగేంత గుంటలు, నీళ్ల మీద ఆయిల్ రంగులు. ఇనప రేకుల షెడ్లు, వాటి ముందు గుట్టలుగా బంపర్లు, తలుపులు, సీట్లు. ఒక అఫ్గాన్ పెద్దాయన నాతో హిందీలో బేరమాడి, ఆ గుట్టల్లోకి వెళ్లి, సరిగ్గా నా బండి రంగు అద్దమే వెతుక్కొచ్చాడు. బండి నా ముందే బాగుచేసి, బయట అడిగిన దాంట్లో సగం తీసుకున్నాడు. నేను నిలబడటానికి ఒక ప్లాస్టిక్ డబ్బా బోర్లించి, కాళ్లు తడవకుండా దాని మీద నిలబడమన్నాడు.

ఆ గుంటలు వాళ్ల తప్పు కాదు. పన్నులు కడుతున్నా ఆ వీధులకు మురుగు కాలువలు వేయలేదు, నడిచేందుకు కాలిబాట వేయలేదు. దశాబ్దాలు అలా వదిలేసి, చివరికి ఇది పాడుబడిన ప్రాంతం అన్నారు. మేయర్ బ్లూంబర్గ్ హయాంలో, 2008లో, పునర్నిర్మాణ ప్రణాళిక కౌన్సిల్‌లో పాసైంది. రెండు వందలకు పైగా ఉన్న ఆ షాపుల్లో చాలా మంది అద్దెకున్నవాళ్లు. భూమి యజమానికి ధర వచ్చింది, అద్దెకున్నవాడికి వచ్చింది అంతంత మాత్రం. కొందరు సహకార సంఘంగా ఏర్పడి బ్రాంక్స్‌లోని హంట్స్ పాయింట్‌లో ఒక పెద్ద గోదాం తీసుకున్నారు. అది అనుకున్నట్టు నడవలేదు. రోడ్డు పక్కన చెయ్యూపితే ఆగే బండ్ల మీద బతికే వ్యాపారాన్ని ఎవరూ రాని చోట పెడితే ఎలా నడుస్తుంది?

అందుకే స్టేడియానికి ఇది సరైన చోటు అంటూనే, ఆ మెకానిక్‌లకు నగరం బాకీ పడిందని కూడా అంటాను. ఇప్పుడు అక్కడ 2,500 ఇళ్లు వస్తున్నాయి, అన్నీ మామూలు ఆదాయం వాళ్లకు అందేవేనని హామీ. ఒక స్కూలు, ఒక హోటల్ కూడా. కొత్త భవనాల కింద దుకాణాలు వస్తాయి కదా. వాటిలో కొన్నైనా ఆనాడు వెళ్లగొట్టినవాళ్లకు, వాళ్ల పిల్లలకు తక్కువ అద్దెకు ఇవ్వాలి. ఈ మాట కౌన్సిల్‌లో ఇంకా గట్టిగా అడగాల్సింది.

ప్రశ్న: స్టేడియం ఖర్చు మన పన్నులదేనా?
– పాఠకుడు, జెర్సీ సిటీ

జవాబు: కట్టుబడి ఖర్చు సుమారు 78 కోట్ల డాలర్లు, అది క్లబ్బే పెట్టుకుంటోంది. కానీ భూమి నగరానిది, లీజు 49 ఏళ్లు, ఆస్తి పన్ను లేదు. ఆ పన్ను మినహాయింపు విలువ కనీసం 51.6 కోట్ల డాలర్లు ఉంటుందని నగర ఇండిపెండెంట్ బడ్జెట్ ఆఫీసు 2023లో లెక్కగట్టింది. రోడ్లు, మురుగు కాలువల ఖర్చు వేరే. మీరు జెర్సీలో ఉన్నారు కాబట్టి ఈ బిల్లు మీది కాదు, మాది.

ప్రశ్న: నమస్తే మేడం. నాది హైదరాబాద్, డిగ్రీ చదువుతున్నాను, కాలేజీ టీంలో గోల్‌కీపర్‌ని. మా ఊళ్లో ఫుట్‌బాల్‌కి కొత్త స్టేడియం కట్టాలంటే ఎక్కడ కట్టాలంటారు?
– విద్యార్థి, సికింద్రాబాద్

జవాబు: ఇప్పుడే ఎక్కడా కట్టొద్దు బాబూ. మీకు గచ్చిబౌలిలో బాలయోగి స్టేడియం ఉంది, 2002 జాతీయ క్రీడల కోసం కట్టింది. అక్కడ ఆడిన హైదరాబాద్ ఎఫ్‌సీ 2022లో ఐఎస్‌ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) గెలిచింది. అదే క్లబ్ 2025లో పేరు కూడా మార్చుకుని ఢిల్లీ వెళ్లిపోయింది. స్టేడియం అక్కడే ఉంది. కొత్తది కట్టే డబ్బుంటే అక్కడికి సికింద్రాబాద్ నుంచి నువ్వు రాత్రి మ్యాచ్ చూసి తిరిగి వెళ్లే దారి చూడమను. మెట్రో రాయదుర్గం దగ్గరే ఆగిపోతే, మిగతా దూరం ఆటోవాడు అడిగినంత ఇచ్చి వెళ్లాలి. స్టూడెంట్లు ఎన్నిసార్లు వెళ్లగలరు?

రహీం సాబ్ పేరు విన్నావు కదా. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత్‌ను నాలుగో స్థానంలో నిలిపిన కోచ్, మీ ఊరి స్కూలు మాస్టారు. ఆయన తయారు చేసిన హైదరాబాద్ పోలీస్ జట్టు 1950 నుంచి వరుసగా ఐదేళ్లు రోవర్స్ కప్ గెలిచింది. వాళ్లంతా బస్తీల మైదానాల్లో ఆడుకుంటూ పెరిగినవాళ్లు. నువ్వు చిన్నప్పుడు ఆడిన మైదానాల్లో ఇప్పుడు ఎన్ని మిగిలాయో, ఎన్నింటికి గేటు తాళం పడిందో, ఎన్ని ఫంక్షన్ హాళ్లు అయ్యాయో రాసి పంపు. పేర్లు, వీధులతో సహా రాయి. వచ్చే సంచికలో వేద్దాం.