పాఠకుల ప్రశ్నలు – మా జవాబులు: యుద్ధాలకు అంతం లేదా?

ఉక్రెయిన్, పశ్చిమాసియా యుద్ధాల గురించి గత సంచికలో వచ్చిన వ్యాసం చదివి నగరం నలుమూలల నుంచి పాఠకులు రాశారు. దేశాల మధ్య, జాతుల మధ్య పోరు ఎప్పటికీ ఆగదేమోనన్న బెంగ దాదాపు అన్ని ఉత్తరాల్లోనూ ఉంది. వాటిలో కొన్నింటికి ఇక్కడ జవాబు చెబుతున్నాం.

ప్రశ్న: ఉద్యోగమంతా సాంఘిక శాస్త్రం బోధించి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ని. పిల్లలకు చెప్పిన పాఠాలు తలచుకుంటే యుద్ధాల తారీఖులే గుర్తుకొస్తున్నాయి. ఫలానా రెండు జాతులకు వెయ్యేళ్లుగా పడదని టీవీ చర్చల్లో రోజూ అంటున్నారు. జాతివైరాలు పాము–ముంగిసల వైరం లాంటివని ఒప్పుకుని ఊరుకోవలసిందేనా? – ఒక పాఠకుడు, మలక్‌పేట

జవాబు: ఒప్పుకోనవసరం లేదండీ. వెయ్యేళ్ల వైరమని ఎవరన్నా ఆ వెయ్యేళ్లనూ విడదీసి చూడండి, నడుమ పొత్తులు, వ్యాపారాలు, ఒకరి ఇంట్లో మరొకరు తలదాచుకున్న సందర్భాలు ఎన్నో బయటపడతాయి. ఇందుకు ఐరోపా దాకా వెళ్లనక్కర్లేదు, కృష్ణా తుంగభద్రల నడుమనున్న రాయచూరు అంతర్వేది చాలు. ఆ నేల కోసం విజయనగర రాజులు మొదట బహమనీలతో, తర్వాత బిజాపూరు సుల్తానులతో 1360ల నుంచి రెండు వందల ఏళ్ల పాటు పోరాడారు. ముద్గల్లు, రాయచూరు కోటలు ఎన్నిసార్లు చేతులు మారాయో లెక్క పెట్టుకుంటూ పోతే, ఆ కాలపు మనిషికి ఈ యుద్ధం సూర్యచంద్రులున్నంత కాలం సాగేదిగానే కనిపించి ఉంటుంది.

దీన్ని రెండు మతాల సంగ్రామంగా చెప్పడం మనవాళ్లకు అలవాటయింది. కానీ గోల్కొండ ఇబ్రహీం కుతుబ్‌షా కథ ఆ చెప్పుడుకు లొంగదు. 1543లో అన్న జంషీద్‌కు భయపడి పారిపోయిన ఇబ్రహీం, చివరికి అళియ రామరాయల అండ చేరి, ఏడేళ్ల పాటు విజయనగరంలోనే ఉన్నాడు. 1550లో సింహాసనమెక్కాక తెలుగు కవులను ఆదరించాడు. అద్దంకి గంగాధర కవి తన తపతీ సంవరణోపాఖ్యానాన్ని అంకితమిచ్చిందీ, మన కవులు మల్కిభరాముడని ముద్దుగా పిలుచుకున్నదీ ఆయన్నే. 1558లో రామరాయలు, బిజాపూరు, గోల్కొండ ఒక పక్షంగా అహ్మద్‌నగర్ మీదికి దండెత్తారు. 1565 జనవరిలో రక్కసి–తంగడి దగ్గర, తళ్లికోట యుద్ధమని మనం చెప్పుకునే పోరులో, అదే అహ్మద్‌నగర్‌తో చేయి కలిపి బిజాపూరు, గోల్కొండలు రామరాయల మీదికి వచ్చాయి, యుద్ధభూమిలోనే ఆయన తల తెగింది. ఏడేళ్లు అన్నం పెట్టినవాడి మీదికి కత్తి దూసిన ఇబ్రహీంను కృతఘ్నుడనవచ్చు, జన్మశత్రువని మాత్రం అనలేం. గెలిచినవారికి కూడా పంపకాల దగ్గర వెంటనే చెడింది.

ఆ నేల తర్వాతి చరిత్ర ఇంకా ఆసక్తికరం. నిజాముల కింద చాలాకాలం ఉన్న రాయచూరు జిల్లా 1956 నవంబరు 1 దాకా హైదరాబాదు రాష్ట్రంలో భాగం, ఆ రోజున మైసూరు రాష్ట్రంలో కలిసింది. తగవు అప్పటికీ పోలేదు, భూమి మీది నుంచి నీటి మీదికి మళ్లింది. 1969లో ఏర్పడిన బచావత్ ట్రిబ్యునల్ 1973లో కృష్ణా నీటిలో మహారాష్ట్రకు 560, కర్ణాటకకు 700, ఆంధ్రప్రదేశ్‌కు 800 టీఎంసీలు కేటాయించింది. ఎవరికీ తృప్తి కలగలేదు. 2004లో బ్రిజేష్ కుమార్ ట్రిబ్యునల్ వచ్చింది, 2014లో తెలంగాణ ఏర్పడ్డాక వాదం మళ్లీ మొదటికి వచ్చింది. తుంగభద్ర మీద రాజోలిబండ ఆనకట్ట తూముల దగ్గర రెండు వైపుల రైతులు ఎదురుబొదురుగా మోహరించిన రోజులూ ఉన్నాయి. అయినా ఏ రాష్ట్రమూ మరో రాష్ట్రపు కోటను ముట్టడించలేదు. లాయర్ల ఫీజులు, ప్రవాహాల లెక్కలు, వాయిదా మీద వాయిదా, చూసేవారికి విసుగే. కానీ నేను చెప్పదలచుకున్నదంతా ఆ విసుగులోనే ఉంది: తగవు తీరకపోయినా దాన్ని పట్టుకుపోవడానికి ఒక చోటు ఉంటే యుద్ధం ఆగుతుంది. ఆ చోటు లేని తగవులనే మనం అనంతయుద్ధాలని పిలుస్తున్నాం.

మీరుండే మలక్‌పేట పక్కనే మరో సాక్ష్యం ఉంది. నిజాం కొలువులో ఫ్రెంచి పటాలాన్ని నడిపిన రేమండ్ సమాధి అస్మాన్‌గఢ్ గుట్ట మీద ఉంది, మూసారాంబాగ్ పేరు ఆయన మీదుగానే వచ్చిందంటారు. ఆయన 1798 మార్చిలో చనిపోయాడు. అదే ఏడాది నిజాం ఆంగ్లేయులతో సైన్య సహకార ఒప్పందం చేసుకున్నాక ఆ పటాలంతో ఆయుధాలు కింద పెట్టించారు. ఫ్రెంచివారికీ ఆంగ్లేయులకూ ఉన్న పగ అప్పటికి ఎంత ముదిరి ఉందంటే, మన చందుర్తిలో 1758లో, మచిలీపట్నంలో 1759లో జరిగిన యుద్ధాలు కూడా దానిలో భాగమే. 1337లో మొదలైన నూరేళ్ల యుద్ధం నుంచి లెక్కపెడితే అది మీ టీవీ చర్చల్లోని ఏ వైరానికీ తీసిపోదు. 1904లో ఆ రెండు దేశాలూ ఒప్పందం చేసుకున్నాయి. ఇవాళ వాటి మధ్య సముద్రం కింద నుంచి రైలు నడుస్తోంది.

ప్రశ్న: పొరుగురాజు సహజశత్రువని కౌటిల్యుడే చెప్పాడు కదా! శాంతి గురించి మాట్లాడేవారు అర్థశాస్త్రం చదవరా? – వనస్థలిపురం

జవాబు: ఆ మాట ఉన్న అధికరణం తర్వాతి అధికరణాన్ని కూడా చదవాలి. సంధి వల్లా యుద్ధం వల్లా సమానమైన లాభమే కలిగేటట్లయితే సంధినే ఎంచుకోమని కౌటిల్యుడు ఏడో అధికరణంలో స్పష్టంగా చెప్పాడు. యుద్ధంలో జననష్టం, ధనవ్యయం, ఇల్లు విడిచిన ప్రవాసం, కష్టాలు తప్పవని కారణం కూడా చెప్పాడు. ఇది దయ గల మాట కాదు, ఖజానా లెక్క. శాంతివాదులకంటే ముందు ఈ వాక్యాన్ని ఆర్థికమంత్రులు చదవాలి.

ప్రశ్న: యుద్ధం మనిషి రక్తంలోనే ఉందని మా హాస్టల్లో వాదన జరిగింది. శాస్త్రం ఏమంటోంది? – ఒక విద్యార్థిని, ఉస్మానియా విశ్వవిద్యాలయం

జవాబు: హింస చాలా పాతది, అందులో సందేహం లేదు. సూడాన్‌లో నైలు నది ఒడ్డున జెబెల్ సహాబా అనే చోట దొరికిన అస్థిపంజరాలు దాదాపు 13 వేల ఏళ్ల నాటివి. వాటిలో చాలావాటికి బాణపు మొనల గాయాలున్నాయి, కొందరిలో మానిన పాత గాయాల మీద కొత్తవి కూడా కనిపించాయి. అంటే దాడులు పదేపదే జరిగేవన్నమాట. అయితే జంతు పూర్వీకుల నుంచి యుద్ధం చేసే గుణం మనకు సంక్రమించిందనడం శాస్త్రసమ్మతం కాదని 1986లో వివిధ దేశాల శాస్త్రవేత్తలు సెవిల్ నగరంలో ఒక ప్రకటన చేశారు, తర్వాత యునెస్కో దాన్ని స్వీకరించింది. ప్రకటనతో వాదన తేలదు, ఆ మాట ఒప్పుకుంటాను.

నాకు ఇంతకంటే బలంగా తోచే ఆధారం మరొకటుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటన్‌లో స్వచ్ఛందంగా చేరేవారు చాలక 1916 జనవరిలో నిర్బంధ సైనిక సేవకు చట్టం తేవలసి వచ్చింది. రక్తంలో ఉన్నదానికి చట్టం ఎందుకు? కోపం వచ్చి కొట్టుకోవడం వేరు. పన్నులు వసూలు చేసి, గోదాముల్లో ధాన్యం నింపి, పేర్ల జాబితా రాసి, ముఖమైనా తెలియని మనిషి మీదికి లక్షలమందిని నడిపించడం వేరు. రెండోదానికి ప్రభుత్వం కావాలి.

ప్రశ్న: మా అబ్బాయి క్షిపణి విడిభాగాలు తయారుచేసే సంస్థలో ఇంజనీరు. ఆయుధాలు చేసేవాళ్లు యుద్ధాలు ఆగనివ్వరని మా బావగారు పెళ్లిలో అందరి ముందూ అనేశారు. అది మమ్మల్ని బాధపెట్టింది. నిజమేనా? – కంచన్‌బాగ్

జవాబు: రక్షణ పరిశోధన ప్రయోగశాలలు, క్షిపణి కర్మాగారం ఉన్న పేటలో ఎవరో ఒకరు అడగవలసిన ప్రశ్నే. పెళ్లిపందిట్లో అడగవలసింది కాదు.

మీ బావగారి మాటలో కొంత నిజముంది. సైనికాధికారిగా జీవితం గడిపిన అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ 1961 జనవరి 17న పదవి దిగిపోతూ, సైన్యం, ఆయుధ పరిశ్రమ కలిసి ప్రభుత్వం మీద అనుచితమైన పలుకుబడి సంపాదించకుండా చూసుకోవాలని హెచ్చరించాడు. 2024లో ప్రపంచ దేశాల సైనిక వ్యయం దాదాపు 2.7 లక్షల కోట్ల డాలర్లు. అంత డబ్బు చుట్టూ అది తగ్గకూడదనుకునేవారు చేరకుండా ఉండరు.

ఇరాన్–ఇరాక్ యుద్ధం చూడండి. 1980 సెప్టెంబరులో మొదలై 1988 ఆగస్టు దాకా ఎనిమిదేళ్లు సాగి, సరిహద్దు ఎక్కడుందో అక్కడే ఉండగా ముగిసింది. ఇరాక్‌కు సోవియట్ యూనియన్, ఫ్రాన్స్ ఆయుధాలిచ్చాయి. అమెరికా ఇరాక్‌కు నిఘా సమాచారం అందిస్తూనే ఇరాన్‌కు రహస్యంగా క్షిపణులు అమ్మిన సంగతి 1986లో బయటపడింది. మధ్యలో అలసిపోయి ఆగవలసిన యుద్ధం ఆగకపోవడానికి ఈ సరఫరాలు ఒక కారణం. కానీ మొదలుపెట్టింది కర్మాగారం కాదు, షట్-అల్-అరబ్ జలమార్గం మీద 1975లో తానే సంతకం చేసిన ఒప్పందాన్ని సద్దాం హుస్సేన్ రద్దు చేయడం. మీ అబ్బాయి తయారుచేసే భాగం ఎవరికి అమ్మాలో, ఎప్పుడు వాడాలో అతను తేల్చడు. ఆ నిర్ణయం తీసుకునేవారిని పార్లమెంటులో నిలదీసే హక్కు మీకూ, అతనికీ, మీ బావగారికీ కూడా ఉంది.

ప్రశ్న: కాల్పులు ఆగాయంటారు, ఏడాది తిరక్కుండా మళ్లీ మొదలంటారు. కొన్ని యుద్ధాలు నిజంగా ముగిసి, కొన్ని ఎందుకిలా నానుతుంటాయి? మన దేశానికీ పాకిస్తాన్‌కూ కూడా ఇది వర్తిస్తుందా? – ఒక గృహిణి, కూకట్‌పల్లి

జవాబు: ఈసారి వచ్చిన ఉత్తరాల్లో అన్నిటికంటే లోతైన ప్రశ్న మీదేనమ్మా. కాల్పుల విరమణ ఆపుతుంది, ముగించదు. కొరియాలో 1953 జూలై 27న పాన్‌మున్‌జొమ్‌లో సంతకాలైంది విరమణ పత్రం మీదే. దక్షిణ కొరియా దానిమీద సంతకమే చేయలేదు. యుద్ధఖైదీల అప్పగింతను చూసిన తటస్థ దేశాల కమిషన్‌కు మన జనరల్ తిమ్మయ్య అధ్యక్షత వహించాడు. ఇటూ పోము, అటూ పోము అన్న కొద్దిమంది ఖైదీలను చివరికి మన సైనికులు భారతదేశానికి తీసుకొచ్చారు కూడా. శాంతి ఒప్పందం మాత్రం ఇప్పటికీ కుదరలేదు.

ఫ్రాన్స్, జర్మనీలు 1870 నుంచి 1945 లోపల మూడుసార్లు పోరాడాయి. 1919 నాటి వెర్సాయ్ సంధి ఓడినవారి మీద నష్టపరిహారం మోపితే, 1951 నాటి ఒప్పందం ఉభయుల బొగ్గునూ ఉక్కునూ ఒకే ఉమ్మడి అధికారం కిందికి తెచ్చింది. ఫిరంగులు పోసే ఉక్కు లెక్క రెండోవాడి కళ్లెదుట ఉంటే రహస్యంగా యుద్ధానికి సిద్ధం కావడం కష్టం. ఈజిప్టు, ఇజ్రాయెల్‌లు 1948, 1956, 1967, 1973ల్లో పోరాడాయి. 1979 ఒప్పందం ప్రకారం సినాయి తిరిగి ఈజిప్టు చేతికి వచ్చింది. రెండు ప్రజల మధ్య ప్రేమేమీ పుట్టలేదు గానీ, ఆ తర్వాత ఆ సరిహద్దులో యుద్ధం రాలేదు. పాలస్తీనీయుల ప్రశ్నను ఆ ఒప్పందం తేల్చకుండా వదిలేసింది, మంట అక్కడే మిగిలింది.

ఇక మన సంగతి. కశ్మీరు మీద ఉభయులూ ఒప్పుకున్న ముగింపు లేదు కాబట్టి మీ అనుమానం వర్తిస్తుంది. 1960 నాటి సింధు జలాల ఒప్పందం 1965, 1971, 1999 యుద్ధాలను తట్టుకుని నిలిచింది. పహల్గాం దాడి తర్వాత 2025 ఏప్రిల్‌లో భారత ప్రభుత్వం దాని అమలును నిలిపివేసింది. దాడి తర్వాత ప్రభుత్వం ఏదో ఒకటి చేయక తప్పదని నాకు తెలుసు, అయినా మాట్లాడుకునే చోటు ఒకటి తగ్గిందన్న విచారం కూడా ఉంది. ఇంకొన్ని చోట్లు మిగిలే ఉన్నాయి. 1988 డిసెంబరు 31న కుదిరిన ఒప్పందం ప్రకారం రెండు దేశాలూ తమ అణు కేంద్రాల జాబితాలను 1992 నుంచి ఏటా జనవరి 1న ఇచ్చిపుచ్చుకుంటున్నాయి. కార్గిల్ జరిగిన తర్వాతి ఏడాది కూడా అది ఆగలేదు. పత్రికల్లో లోపలి పేజీలో నాలుగు వాక్యాలుగా వస్తుంది, ఎవరూ చదవరు.

ప్రశ్న: పాలకులకు అశోకుడిలా మనసు మారితే తప్ప యుద్ధాలు పోవనిపిస్తుంది. మీరేమంటారు? – మెహిదీపట్నం

జవాబు: కళింగంలో లక్షమంది హతులయ్యారని, లక్షా యాభైవేల మందిని తరలించారని అశోకుడు తన పదమూడో శిలాశాసనంలో చెప్పుకున్నాడు. గెలిచిన రాజు అలా బాధపడి రాతి మీద చెక్కించడం అరుదే, ఆ గొప్పతనాన్ని ఎవరూ కాదనలేరు. కానీ కళింగాన్ని ఆయన వదిలిపెట్టలేదు. అదే శాసనంలో అటవిక జాతులకు, పశ్చాత్తాపం ఉన్నా తనకు శిక్షించే శక్తి కూడా ఉందని గుర్తుచేశాడు. కళింగంలోని ధౌళి, జౌగడల్లో మాత్రం ఈ శాసనం చెక్కించలేదు, దాని బదులు వేరే శాసనాలు వేయించాడు. ఓడినవారి కళ్లెదుట ఆ లెక్క పెట్టడం మంచిది కాదనుకున్నాడేమో! మనసు మారిన చక్రవర్తికే ఇన్ని జాగ్రత్తలున్నప్పుడు, మారని పాలకులతో చేసుకునే ఒప్పందాల్లో షరతులు, తనిఖీలు ఎంత గట్టిగా ఉండాలో ఆలోచించండి. అశోకుడి ప్రధాన శిలాశాసనాలు మన కర్నూలు జిల్లా ఎర్రగుడిలోనూ ఉన్నాయి. గుత్తి దగ్గర దిగి వెళ్లవచ్చు, ఎండాకాలం మాత్రం పెట్టుకోకండి.