న్యేరి వెళ్తున్న అల్లుడికి

చిరంజీవి అల్లుడికి ఆశీస్సులు.

స్కౌట్ ఉద్యమాన్ని మొదలుపెట్టిన బేడెన్ పావెల్ సమాధి చూడ్డానికి కెన్యాలోని న్యేరి వెళ్తున్నావని మీ అమ్మ చెప్పింది. నా ఛాతీ ఉప్పొంగింది, వెంటనే గుబులూ పట్టుకుంది.

ఈటీఏకి, అంటే కెన్యాలోకి వెళ్ళడానికి ముందస్తు అనుమతికి, ఆన్‌లైన్‌లో అప్లై చెయ్యి, ప్రింటు దగ్గరుంచుకో. ప్లాస్టిక్ సంచులు తీసుకెళ్ళకు, 2017 నుంచి అక్కడ నిషేధం.

ఎల్లో ఫీవర్ టీకా దగ్గర మాత్రం నిర్లక్ష్యం చేశావో, ఊరుకోను. అందరూ బోల్తా పడేది ఇక్కడే. హడావిడిలో చివరి వారానికి నెట్టేస్తారు. టీకా వేసినట్టు ఇచ్చే పసుపు కార్డు పదో రోజు నుంచే చెల్లుతుంది. అంతకు ముందే తిరిగొస్తే కార్డున్నా లేనట్టే. మన ఎయిర్‌పోర్టులో ఆపి, ఆరు రోజుల దాకా విడిగా ఉంచుతారు. పైగా ఈ టీకా ఏ ఆసుపత్రిలో పడితే అక్కడ వెయ్యరు, ప్రభుత్వం గుర్తించిన కేంద్రాల్లోనే. సీసా తెరిస్తే ఆరు గంటల్లో వాడెయ్యాలి కాబట్టి చాలాచోట్ల నిర్ణీత రోజుల్లోనే వేస్తారు. అందుకే నెల ముందే వేయించుకో. గుడ్డు పడకపోతే డాక్టరుకి చెప్పు. కార్డు మీద పాస్‌పోర్టు నంబరు, తేదీ, ముద్ర అక్కడే నిలబడి సరిచూసుకో. ఒక్కసారి వేయించుకుంటే జీవితాంతం చెల్లుతుంది నాన్నా, బద్ధకించకు.

నైరోబీ నుంచి న్యేరి సుమారు 150 కిలోమీటర్లు. తెల్లవారుజామునే బయల్దేరు. భూమధ్యరేఖ పక్కనే కాబట్టి ఏడాది పొడుగునా సాయంత్రం ఆరున్నర ప్రాంతంలోనే చీకటి పడుతుంది. రాత్రి ప్రయాణం వద్దు, ఈ ఒక్క మాట విను. ఎత్తైన ప్రాంతం, స్వెటర్ పెట్టుకో.

సమాధి సెయింట్ పీటర్స్ చర్చి శ్మశానంలో ఉంది. నీ స్కౌట్ స్కార్ఫ్ వేసుకునే వెళ్ళు. రాతి మీద వృత్తం, మధ్యలో చుక్క కనిపిస్తాయి. క్యాంపుల్లో దారి గుర్తుగా రాళ్ళు పేర్చి పెడతావే, అదే. దానర్థం ‘ఇంటికి వెళ్ళిపోయాను’ అని. 1941 జనవరి 8న పోయిన ఆయనకి అంతకన్నా ఏం రాస్తారు! 1977లో ఆయన భార్య ఓలేవ్ అస్థికలూ అక్కడే చేర్చారు. అక్షరాలు ఫోటోలో బాగా పడాలని సుద్దముక్కతో రుద్దకు, రాయి పాడవుతుంది. పక్క నుంచి ఎండ పడే ఉదయం పూట తీస్తే చాలు.

మన నైనిటాల్‌లో పుట్టిన పులుల వేటగాడు, రచయిత జిమ్ కార్బెట్ సమాధి కూడా అక్కడే ఉంది, తప్పక చూడు. బేడెన్ పావెల్, కార్బెట్ ఇద్దరూ చివరి రోజులు గడిపిన పాక్స్‌టూ కుటీరం అవుట్‌స్పాన్ హోటల్ ఆవరణలో ఉంది.

న్యేరి చేరగానే ఫోన్ చెయ్యి, ఏ వేళైనా సరే, ఎత్తుతాను.

నీ మామయ్య