చెప్పు ముక్కకు చుట్టిన గాలం

ప్రశ్న: స్నేహితులతో కలిసి రెండేసి రోజులు కొండల్లో నడుస్తుంటాను. ఎక్కడైనా దారి తప్పితే చేపలు పట్టుకునైనా బతకొచ్చని మడిచే గాలం కర్ర, రీలు కొందామనుకుంటున్నా. బ్యాగు ఇప్పటికే తొమ్మిది కిలోలుంది. తేలిగ్గా సర్దుకోవడం ఎలా?
– ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: ఆ రెండూ కొనకండి బాబూ. అవసరమొస్తే ఎండి రాలిన కొమ్మే కర్ర. అదీ లేకుంటే చేత్తో విసరొచ్చు.

నా గాలం సామానంతా అరచేతిలో పడుతుంది. తెగిపోయిన హవాయి చెప్పు మడమ దగ్గర వేలెడు పొడవు ముక్క కోశాను. రెండు కొసలా గాట్లు పెట్టి, నాలుగైదు కిలోల బరువాగే నైలాన్ దారం పదిహేను మీటర్లు చుట్టాను. కొక్కేల మొనలు ఆ రబ్బరులోనే గుచ్చేస్తే బ్యాగులో చెయ్యి పెట్టినా గీరుకోవు. బెండు కావాలా, ఆ ముక్కలోంచే ఓ తునక కోస్తే నీళ్ల మీద తేలుతుంది. ఎర మునగడానికి దారానికి నొక్కి బిగించే బఠాణీ గింజంత సీసం గుండ్లు నాలుగు చాలు. వాటిని పళ్లతో మాత్రం నొక్కకండి, సీసం విషం.

కొక్కేలు 8, 10 నంబర్లవి తీసుకోండి. నంబరు పెరిగేకొద్దీ కొక్కెం చిన్నదవుతుంది. కుర్రతనంలో ఇది తెలియక, పిచ్చాటూరు దగ్గర అరణియార్‌లో కొర్రమీను పడతానని గొప్పలు చెప్పి, పెద్దవనుకుని అంగట్లో 12 నంబరువి కొన్నాను. ఆ రోజు పరిగెల్లాంటి చిన్న చేపలు తప్ప ఏమీ తగల్లేదు. ఇంట్లో ఆ మాట ఇప్పటికీ ఎత్తుతారు.

ఎరకు తడి నేలలో రాయి తిరగేస్తే ఎర్రలుంటాయి, గడ్డిలో మిడతలుంటాయి. రాత్రికి గాలాన్ని బాగా ఒంగే కొమ్మకు కట్టి వదిలేయండి. చేప గుంజినప్పుడు కొమ్మ ఒంగుతుంది కాబట్టి దారం తెగదు, మీరూ కాపలా కాయక్కర్లేదు. జెల్ల పడితే గబుక్కున పట్టుకోవద్దు. వీపు మీద ఒకటి, రెండు పక్కలా చెరొకటి ముళ్లుంటాయి. ఏ చేపైనా సరే, బాగా కాల్చుకునే తినాలి.

అయితే శేషాచలంలో ఎండాకాలం చాలా వాగులు ఎండిపోతాయి. నీళ్లే లేనిచోట గాలమెందుకు? తిండి లేకుండా మనిషి వారాలు ఉండగలడు, నీళ్లు లేకుంటే మూడు నాలుగు రోజులే గగనం. రీలు మానేసి మిగిల్చిన బరువు నీళ్ల బాటిల్‌కివ్వండి. పైగా అక్కడ శ్రీవేంకటేశ్వర జాతీయ పార్కు ఉంది. అందులో సరదాకి గాలం వేస్తే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద కేసవుతుంది. అలవాటు చేసుకోవాలంటే ఊరి చెరువుకు పోండి, చేపల వేలం పాట పాడుకున్నవాళ్లను ముందు ఒక మాట అడగండి.

కొక్కేనికి దారం కట్టే ముడి మాత్రం ఇంట్లో లైటార్పి నేర్చుకోండి. బిగించే ముందు దారాన్ని ఎంగిలితో తడపాలి. పొడిగా లాగితే ఆ రాపిడి వేడికి నైలాన్ సరిగ్గా ముడి దగ్గరే బలహీనపడి, చేప తగిలినప్పుడు అక్కడే తెగుతుంది.