చివరి తేదీ కాదు, మొదలుపెట్టే తేదీ రాసుకోండి

చిత్తూరు నుంచి బదిలీ మీద తిరుపతి వచ్చామని, ఇద్దరూ ఉద్యోగాలకు వెళ్తూ పిల్లల్ని, మామగారిని చూసుకుంటున్నామని రాశారు. ఎంత ప్లాన్ వేసుకున్నా దర్శనానికి వచ్చే చుట్టాలతో అంతా తారుమారవుతోందని కూడా అన్నారు. పదకొండేళ్లుగా మాదీ ఇదే ఊరు, ఇదే పరిస్థితి. అందుకే నాకు పనికొచ్చింది చెబుతున్నాను.

నేను ఒక కాలేజీలో అకౌంట్స్ చూస్తాను. మా ఆయనకు శ్రీసిటీలో షిఫ్టు డ్యూటీ. మొదట్లో డైరీ కొని పనులన్నీ రాసేదాన్ని. అందులో అన్నీ చివరి తేదీలే ఉండేవి. ఆ రోజు నెత్తి మీదికి వచ్చేదాకా ఆ పని గుర్తొచ్చేది కాదు.

ఒక ఏడాది మార్చిలో మా అత్తమ్మకి కంటి శుక్లం ఆపరేషన్ అయింది. అప్పుడే కాలేజీలో ఇయర్ ఎండింగ్ లెక్కలు, మా ఆయనకు నైట్ షిఫ్టు, పెద్దోడికి పరీక్షలు. ఆ వారంలోనే ఒకరోజు తెల్లవారుజామున ఆరుగురు చుట్టాలు బస్టాండులో దిగి ఫోన్ చేశారు. మూడు రోజులు వంటలు, పక్కలు, వాళ్లని కొండకి పంపడం. వాళ్లు వెళ్లాక ఇల్లు సర్దుతుంటే కిటికీలో కంటి చుక్కల సీసా ఖాళీగా కనిపించింది. ఎప్పుడైపోయిందని అడిగితే, "నాలుగు రోజులైంది. నువ్వు పరుగులు పెడతా ఉంటే చెప్పబుద్ధి కాలేదమ్మా" అంది. డాక్టర్ చూసి కంటికి ఏమీ కాలేదన్నారు. అయినా ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ గుండె కలుక్కుమంటుంది.

ఆ ఆదివారమే డైరీ పక్కన పెట్టి, వంటింటి గోడకి పెద్ద గడుల క్యాలెండర్ తగిలించాను. అందులో ప్రతి పనికీ అది మొదలుపెట్టాల్సిన రోజే రాస్తాం. మందులు అయిపోయే రోజుకి వారం ముందు గడిలో "అత్తమ్మ మందులు" అని ఉంటుంది. ఇంటి పన్ను ఏప్రిల్ 30లోపు ఏడాది మొత్తానికీ కడితే 5 శాతం తగ్గుతుంది. అది ఏప్రిల్ మొదటి వారం గడిలోనే రాస్తాం, జీతం పడగానే కట్టేస్తాం. బ్రహ్మోత్సవాల్లో గరుడ సేవ రోజు ఘాట్ రోడ్డులో టూవీలర్లను వదలరు, ఊరంతా జనమే. ఆ వారంలో డాక్టర్ పని గానీ బ్యాంకు పని గానీ పెట్టుకోం.

ఇక చుట్టాల సంగతి. వాళ్లు రావడం మనకి సంతోషమే, టెన్షనల్లా చెప్పకుండా రావడంతోనే. 300 రూపాయల దర్శనం టికెట్లు మూడు నెలల ముందే ఆన్‌లైన్‌లో పెడతారు, మామూలుగా నెలలో 24వ తేదీ ఉదయం 10 గంటలకి. రైలు రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందు నుంచే. అంటే ముందు దర్శనం ఖాయం చేసుకుని, ఆ తర్వాత రైలు బుక్ చేసుకునేంత వ్యవధి ఉంటుంది. ఖమ్మంలో ఉన్న మా ఆడపడుచుకి ఇదే చెప్పాను: "వదినా, 24న టికెట్లు దొరకగానే నాకు తేదీ చెప్పు, ఆ రోజు నేను లీవు పెట్టుకుంటాను." తప్పుగా అనుకుంటుందేమోనని భయపడ్డాను. అనుకోలేదు. ఇప్పుడు మిగతావాళ్లకి తనే చెబుతోంది. అయినా కొందరు చెప్పకుండానే వస్తారు, అందుకే నెలలో ఒక శని, ఆదివారాలు ఏమీ రాయకుండా వదిలేస్తాం. ఎవరూ రాకపోతే ఆ రెండు రోజులు పిల్లలవి.

ఆదివారం రాత్రి భోజనాలయ్యాక పదిహేను నిమిషాలు అందరం క్యాలెండర్ ముందు కూర్చుంటాం. మా ఆయన షిఫ్టులు, పిల్లల పరీక్షలు, నా నెలాఖరు పని అన్నీ ఎక్కుతాయి. పెన్సిల్ మాత్రం అత్తమ్మ చేతిలోనే. మేం చెబుతుంటే ఆమె రాస్తుంది, పొద్దున కాఫీ ఇచ్చేటప్పుడు ఆ రోజు గడి చదివి వినిపిస్తుంది. మందులు అయిపోతున్నాయని ఇప్పుడు ఆమె నోరు తెరిచి అడగాల్సిన పని లేదు.

మీ మామగారికి చూపు బాగుంటే ఆ పెన్సిల్ ఆయనకే ఇవ్వండి. మొదటి వారం ఎక్కువ రాయొద్దు. ఆయన మందులు, పిల్లల ఫీజులు, మీ ఇద్దరి ఆఫీసుల్లో పని ఎక్కువుండే రోజులు చాలు.