తోట దగ్గర దుప్పుల కోసం ఉప్పు ఇటుక పెట్టవచ్చా?

పాకాల అడవి అంచున మీకు మామిడి తోట ఉంది, తెల్లవారుజామున దుప్పులు వస్తున్నాయి. మినరల్ బ్లాక్ (ఉప్పు, ఖనిజాలు కలిపిన ఇటుక) పెడితే అవి రోజూ వస్తాయని, కొమ్ములు బాగా పెరుగుతాయని, ఫొటోలు తీసుకోవచ్చని అమెరికాలో ఉన్న మీ బావమరిది అంటున్నాడు. ఇక్కడ పెట్టొచ్చా అని మీరు అడిగారు.

పెట్టకండి. మాదీ నర్సంపేట వైపే. పాడి పశువులున్నాయి, మా చెల్క దాటితే అడవే. వేటగాళ్లు పెట్టిన ఉచ్చులు ఏరే పనిలో అటవీశాఖ బీట్ ఆఫీసర్ల వెంట వెళ్తుంటాను కాబట్టి కాస్త వివరంగానే చెబుతాను.

ఉప్పు దుప్పికి నిజంగానే అవసరం. గడ్డిలో, ఆకుల్లో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ. తొలకరి తర్వాత లేత పచ్చిక మేసేటప్పుడు ఈ తేడా ఇంకా పెరిగి, ఒంట్లో ఉన్న ఉప్పు కూడా మూత్రంతో పోతుంది. ఈనిన ఆడవాటికి పాల కోసం, మగవాటికి కొమ్ముల కోసం కాల్షియం, ఫాస్ఫరస్ కావాలి. దుప్పి కొమ్ము అచ్చంగా ఎముకే, రాలిపోయి మళ్లీ మొలుస్తుంది. రాలిన కొమ్ముల్ని అవే కొరుక్కు తింటాయి కూడా. మేం వెళ్లే దారిలో ఒక వాగు గట్టు నడుము ఎత్తున లోపలికి అరిగిపోయి ఉంటుంది. వంగి చూస్తే చౌడు మట్టి మీద నాలుకతో నాకిన నునుపు, మధ్యమధ్యలో కింది పళ్లతో గీకిన గాట్లు కనిపిస్తాయి. కింద నేలంతా గిట్టలకు మెదిగి పిండిలా ఉంటుంది. అంటే ఉప్పు ఎక్కడ దొరుకుతుందో వాటికి తెలుసు. మనం ఊరి వైపు పిలిచి పెట్టాల్సిన పని లేదు.

ఇక చట్టం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వేట అంటే తుపాకీ పేల్చడం ఒక్కటే కాదు. సెక్షన్ 2(16)లో చంపడం, విషం పెట్టడం, ఉచ్చు వేయడం, తరమడంతో పాటు ఎర పెట్టడం కూడా ఉంది. ఆ ప్రయత్నం చేసినా వేట కిందికే వస్తుంది. మీ మనసులో ఉన్నది ఫొటోలే కావచ్చు. రేపు ఆ ఇటుక దగ్గర ఒక దుప్పి చచ్చి పడితే మాత్రం, ఇటుక ఎవరు పెట్టారనే ముందు అడుగుతారు. పాకాల లాంటి సాంక్చువరీలో (అభయారణ్యంలో) వేటాడితే కనీసం 3 ఏళ్లు, గరిష్ఠంగా 7 ఏళ్లు జైలు. 2022 సవరణ తర్వాత జరిమానా 25,000 రూపాయలకు తగ్గదు. పట్టా భూమి అన్న మాట ఇక్కడ పనికిరాదు, మీ తోటలో నిలబడ్డా అది వన్యప్రాణే. అమెరికాలో ఉన్నట్టు లైసెన్సు, వేట సీజన్ మనకు లేవు. 1991 సవరణతోనే ఆ లైసెన్సుల పద్ధతి పోయింది.

కేసు కంటే నాకు ఎక్కువ టెన్షన్ ఉచ్చులతోనే. దుప్పి రోజూ ఒకే చోటికి వస్తోందంటే ఆ సంగతి మీ ఒక్కరి దగ్గరే ఆగదు. ఒక ఊళ్లో ఒకాయన తన బర్రెల కోసం చేను గట్టున కట్టిన ఉప్పు ఇటుకకు దుప్పులు అలవాటు పడ్డాయి. కొన్నాళ్లకు అవి వచ్చే తొవ్వలోనే మాకు ఉచ్చులు దొరికాయి. ముళ్ల కొమ్మలు అడ్డంగా పేర్చి, మధ్యలో ఒక్క సందు వదిలి, ఆ సందులో దుప్పి మెడ ఎత్తున బైకు క్లచ్ వైరు ముడి వేసి పెట్టారు. వైరు మెరవకుండా మట్టి రుద్దారు. పక్కనే నిలబడ్డా వెంటనే కంటపడలేదు. ఆ రైతుకు వీటితో ఏ సంబంధమూ లేదు, దుప్పులంటే ప్రాణం పెట్టే మనిషి. ఇంకొందరు కరెంటు లైనుకు తీగ తగిలించి నేల మీద పరుస్తారు. భూపాలపల్లి, ములుగు వైపు ఆ తీగలకు మనుషులు కూడా పోయారు.

జబ్బుల సంగతీ ఉంది. ఒకే ఇటుకను ఆవు, మేక, దుప్పి నాకితే గాలికుంటు లాంటివి సొంగ ద్వారా అటూ ఇటూ పాకుతాయి. అమెరికాలోనూ దీని మీద అన్ని చోట్లా ఒకే రూలు లేదు. టెక్సాస్‌లో సొంత భూమిలో ఎర పెట్టి జింకను వేటాడవచ్చు. ఇంకొన్ని రాష్ట్రాల్లో క్రానిక్ వేస్టింగ్ డిసీజ్ (జింకల మెదడును దెబ్బతీసి చంపే జబ్బు) ఉన్న చోట్ల జింకలకు ఉప్పు, ఖనిజాలు పెట్టడమే నిషేధం. 1967లో కొలరాడోలో మొదట గుర్తించిన ఈ జబ్బు సొంగ, మూత్రం ద్వారా పాకుతుంది, మట్టిలో ఏళ్ల తరబడి ఉండిపోతుంది. మీ బావమరిది ఉండేది ఏ రాష్ట్రమో ఒకసారి అడిగి చూడండి.

దుప్పులకు మేలు చేయాలని ఉంటే పనులు చాలానే ఉన్నాయి. పశువుల ఉప్పు ఇటుకను కొట్టం లోపలే కట్టండి. గాలికుంటు టీకాలు తప్పకుండా వేయించండి. రాత్రిపూట కుక్కలను వదలకండి. తోటలో గట్టు లేని పాత బావి ఉంటే ముందు దానికి గట్టు కట్టించండి, చీకట్లో దుప్పులు అందులో పడితే పైకి రాలేవు. అడవిలో ఎండాకాలం నీటి గుంటలు నింపడం, కావాల్సిన చోట ఉప్పు పెట్టడం అటవీశాఖ చూసుకుంటుంది. మీరు ఇవ్వాలనుకుంటే రేంజ్ ఆఫీసులో అడిగి వాళ్ల ద్వారానే ఇవ్వండి.

ఫొటోల కోసం మీ తోట గట్టున అవి మామూలుగా నడిచే దారిలో కెమెరా పెట్టుకోండి, ఏ ఎరా అక్కర్లేదు. సాంక్చువరీ లోపల అయితే సెక్షన్ 28 కింద అనుమతి కావాలి. ఎప్పుడైనా తోట చుట్టుపక్కల ఉచ్చు గానీ తీగ గానీ కనిపిస్తే చేత్తో ముట్టుకోకండి, కరెంటు ఉండొచ్చు. దూరం నుంచి ఫొటో తీసి, బీట్ ఆఫీసర్‌కు ఫోన్ చేసి చోటు చెప్పండి.