బి.కాం తర్వాత సెమినరీకి వెళ్ళాలా? వెళ్తే భక్తి తగ్గుతుందా?

వందనాలు తమ్ముడూ. నువ్వు రాసింది చదివాను. బి.కాం అయిపోయింది, దేవుని సేవకు పిలుపు ఉందని నమ్ముతున్నావు, పాస్టర్లను తయారుచేసే సెమినరీలో చేరాలనుకుంటున్నావు. సంఘ పెద్దలేమో "సెమినరీకి వెళ్తే ఉన్న భక్తి కాస్తా పోతుంది" అంటున్నారు. ఇంట్లో అమ్మగారు "రేపు ఎలా బతుకుతావురా" అని బెంగపెట్టుకున్నారు. ఏ కోర్సు చేయాలి, తర్వాత ఏం పని దొరుకుతుంది, ఇదీ నీ ప్రశ్న. నేను సేరంపూర్ సెనేట్ (వేదాంత కాలేజీల విద్యార్థులకు డిగ్రీలిచ్చే సంస్థ) బి.డి., అంటే బ్యాచిలర్ ఆఫ్ డివినిటీ చేసి, కొన్నేళ్ళు పల్లెటూరి పాస్టరేట్లలో (ఒక పాస్టరు చూసుకునే సంఘాల్లో) పనిచేసి, ఇప్పుడు ఆసుపత్రిలో చాప్లెయిన్‌గా, అంటే రోగులకు తోడుండే పాస్టరుగా ఉన్నాను. నేను నడిచిన దారి సంగతి చెప్తాను.

పెద్దల మాట పూర్తిగా కొట్టిపారేయకు. మొదటి ఏడాదిలో బైబిలు పాఠ్యపుస్తకం అయిపోతుంది. బైబిలు మొదటి పుస్తకం ఆదికాండాన్ని ఎవరు, ఎప్పుడు, ఏ ఆధారాలతో కూర్చారన్న చర్చలు చదివాక, సండే స్కూల్లో కంఠతా పట్టిన వచనం ముందు కూడా పెన్సిలు పట్టుకునే కూర్చుంటాం. ఉదయం చాపెల్‌లో (కాలేజీ ప్రార్థనలో) నోటితో కీర్తన పాడుతూ, పాటల పుస్తకంలో దాచుకున్న హీబ్రూ క్రియల చీటీ చూసుకునేవాళ్ళం, ఆ వెంటనే టెస్టు ఉండేది కాబట్టి. అయితే నేను చూసినంతలో చదువు వల్ల భక్తి పోయినవాళ్ళు తక్కువ. చదువు వంక పెట్టి ప్రార్థన మానేసినవాళ్ళే ఎక్కువ. అసలు చదువే లేకుండా సేవలోకి దిగి, క్యాన్సర్ వచ్చిన మనిషి మంచం పక్కన నిలబడి "మీలో విశ్వాసం తక్కువైంది" అనేసి వెళ్ళిపోయేవాళ్ళని ఇప్పటికీ వార్డులో చూస్తూనే ఉన్నాను. ఆ రెండో ప్రమాదం గురించి మీ పెద్దలు చెప్పి ఉండరు.

ఆత్మీయంగా ఎదగడం అనే విషయాన్ని మన ప్రొటెస్టెంట్ కాలేజీల్లో చాలావరకు విద్యార్థికే వదిలేస్తారు. చాపెల్ ఉంటుంది, ఉపవాస ప్రార్థన ఉంటుంది, ఏడాదికొక రిట్రీట్ (ప్రార్థన, ధ్యానం కోసం విడిగా గడపడం) ఉంటుంది, అంతే. క్యాథలిక్కుల పద్ధతి వేరు. 1992లో పోప్ జాన్ పాల్ II గురువుల (ఫాదర్ల) తయారీ మీద ఇచ్చిన పత్రంలో మనిషిగా, ఆత్మీయంగా, చదువులో, కాపరి పనిలో అని నాలుగు వైపులా తయారీ జరగాలని రాశారు. వాళ్ళ సెమినరీల్లో ప్రతి విద్యార్థికీ ఆత్మీయ మార్గదర్శి ఒకరు ఉంటారు, క్రమం తప్పకుండా ఆయనతో మాట్లాడాలి. మార్కుల సంగతి ఆయన అడగడు. ఈమధ్య ఎవరి మీద కోపం వచ్చింది, ప్రార్థనలో ఎందుకు నిద్రొస్తోంది, డబ్బు గురించి ఏం ఆలోచిస్తున్నావు, ఇలాంటివి అడుగుతాడు. నేను జెస్యూట్ ఫాదర్ ఒకాయన దగ్గర మౌన రిట్రీట్‌కి వెళ్ళినప్పుడు ఈ పద్ధతి దగ్గరగా చూశాను. రాత్రి పడుకోబోయే ముందు ఆ రోజంతా వెనక్కి నెమరేసుకోవడం, దేవుడు ఎక్కడ పలకరించాడు, నేను ఎక్కడ మొహం తిప్పుకున్నాను అని చూసుకోవడం 16వ శతాబ్దంలో ఈ జెస్యూట్ సభను స్థాపించిన ఇగ్నేషియస్ లొయోలా నేర్పిన సాధన. ఇది చేయడానికి క్యాథలిక్ అవ్వక్కర్లేదు. మైకు లేనిదే ప్రార్థన సాగని మన అలవాటుకి మొదట్లో ఆ మౌనం కాస్త టెన్షన్ పెడుతుంది, అంతే.

కాబట్టి కాలేజీలో చేరిన మొదటి నెలలోనే నీకంటే పెద్దవాడిని ఒకరిని వెతుక్కో. నీకు మార్కులు వేసే లెక్చరర్, నీ పోస్టింగ్ తేల్చే పెద్దమనిషి మాత్రం వద్దు. మా ఊరి రిటైర్డ్ అయ్యగారు (పాస్టరు) ఒకరు నాకు ఆ సాయం చేశారు. ఇంకో అలవాటు కూడా నన్ను నిలబెట్టింది: బైబిల్లోని కీర్తనల గ్రంథం నుంచి రోజుకో కీర్తన తెలుగులో పైకి చదవడం. నోట్సు రాయకుండా, ప్రసంగానికి పాయింట్లు ఏరుకోకుండా. ఇంట్లో రాత్రిపూట కుటుంబ ప్రార్థన చేసి, పాత తెలుగు క్రైస్తవ కీర్తనలు రాసిన పురుషోత్తమ చౌదరి గారి పాటలు పాడుకుంటూ పెరిగినవాళ్ళకి ఇది కొత్తేమీ కాదు. హాస్టల్‌కి వెళ్ళాక ముందుగా పోయేది మాత్రం అదే.

చదువులో నన్ను ఎక్కువ మార్చింది ఆసుపత్రి శిక్షణ. సి.పి.ఇ., అంటే క్లినికల్ పాస్టోరల్ ఎడ్యుకేషన్ అంటారు. తానే మానసిక జబ్బుతో ఆసుపత్రిలో ఉండి వచ్చిన ఆంటన్ బోయిసన్ అనే పాస్టరు 1925లో అమెరికాలో వేదాంత విద్యార్థులను మానసిక ఆసుపత్రికి తీసుకెళ్ళి మొదలుపెట్టిన పద్ధతి. రోగితో మాట్లాడి వచ్చి, ఆ సంభాషణను గుర్తున్నంత వరకు మాటకు మాట రాయాలి. దాన్ని వెర్బాటిమ్ అంటారు. గ్రూపు ముందు చదివితే సూపర్‌వైజర్, తోటివాళ్ళు ప్రశ్నలు వేస్తారు. మా బ్యాచ్‌మేట్ ఒకడు ఆడవాళ్ళ వార్డులో ముసలమ్మ దగ్గరికి వెళ్ళి, కుశల ప్రశ్నలన్నీ అయ్యాక "ప్రార్థన చేయమంటారా అమ్మా?" అన్నాడట. ఆమె "చేద్దువుగానిలే నాయనా, ముందు ఆ నర్సమ్మను కేకెయ్యి, సీసా అయిపోయి రగతం పైకొస్తంది" అందట. వాడు నవ్వుతూనే చదివాడు. సూపర్‌వైజర్ నవ్వలేదు. "ఆమె చేతికి సెలైన్ ఉన్న సంగతి నీ రిపోర్టు మొదటి పేజీలో ఎక్కడా లేదేం?" అని అడిగారు. గదంతా నిశ్శబ్దం. నేను ఇప్పటికీ మంచం దగ్గరికి వెళ్ళగానే ముందు సెలైన్ సీసా వైపే చూస్తాను.

ఇక కోర్సులు. డయోసిస్‌లోనో (ఒక బిషప్ కింద ఉండే సంఘాల మండలం), లూథరన్, బాప్టిస్టు వంటి పాత సంఘాల్లోనో అయ్యగారు కావాలంటే సేరంపూర్ సెనేట్ బి.డి. సరైనది. డిగ్రీ ఉన్నవాళ్ళకి నాలుగేళ్ళు. సేరంపూర్ కాలేజీ 1818 నాటిది, పట్టాలిచ్చే అధికారం 1827లో డెన్మార్క్ రాజు ఇచ్చిన చార్టర్‌తో వచ్చింది. మనకు దగ్గరలో హైదరాబాద్‌లోని ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాల ఆ సెనేట్ కిందిదే. 1964లో రాజమండ్రిలో మొదలై 1973లో హైదరాబాద్‌కి మారింది. ఇలాంటి పాత సంఘాల కిందికి రాని ఇండిపెండెంట్ సంఘాలకైతే ఏషియా థియొలాజికల్ అసోసియేషన్ గుర్తింపు ఉన్న ఎం.డివ్. (మాస్టర్ ఆఫ్ డివినిటీ) సరిపోతుంది, మూడేళ్ళు. ఈ రెండు గుర్తింపులూ లేకుండా ఆరు నెలల్లో డాక్టరేటు ఇస్తామనే బోర్డులు మన దగ్గర వీధికొకటి ఉన్నాయి, వాటి జోలికి పోకు.

అమ్మగారి బెంగకి జవాబు కావాలి కదా. డయోసిస్ అయితే నెల జీతం, ఉండటానికి పాస్టరేట్ ఇల్లు, కొన్నేళ్ళకోసారి ట్రాన్స్‌ఫర్. కానీ సీటు నీ చేతిలో ఉండదు. ముందు నీ పాస్టరేట్ సిఫారసు చేయాలి, డయోసిస్ ఎంపిక చేయాలి, చదువయ్యాక ప్రొబేషన్, ఆ తర్వాతే డీకన్‌గా (తొలి మెట్టు సేవకుడిగా) అభిషేకం, అంటే సంఘ సేవకు అధికారిక నియామకం, ఆపైన ప్రెస్బిటర్‌గా (పూర్తి స్థాయి పాస్టరుగా). సొంత సంఘమైతే కానుకల మీదే బతుకు. వంటకి బియ్యం తీసేటప్పుడు పిడికెడు పక్కన పెట్టి ఆదివారం తెచ్చిచ్చే తల్లులున్న ఊళ్ళో ఆకలితో ఉండవు, కానీ పిల్లల ఫీజులకి బియ్యం పనికిరావు. అందుకే నీ బి.కాం ని తక్కువగా చూడకు. స్కూళ్ళు, ఆసుపత్రులు, సేవా సంస్థల్లో లెక్కలు తెలిసిన పాస్టరుకి విలువ ఉంటుంది. సంఘం డబ్బుకి రసీదు రాయడం వచ్చిన కాపరి మీద పుకార్లు కూడా తక్కువ. ఇంకొకటి, ఇండిపెండెంట్‌గా ఉంటూ పెళ్ళిళ్ళు చేయాలంటే 1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టం కింద ప్రభుత్వ లైసెన్సు ఉండాలి. చాలామంది దీన్ని ఆఖరున గుర్తు చేసుకుంటారు.

పెళ్ళి మాట ఎలాగూ వచ్చింది. మన సంఘాల్లో అయ్యగారి భార్య, అదే అమ్మగారు, జీతం లేని ఉద్యోగి. స్త్రీల సమాజం, సండే స్కూలు, వచ్చేపోయేవాళ్ళకి టీలు అన్నీ ఆమె మీదే. సంబంధం చూసేటప్పుడు ఈ సంగతి ఆ అమ్మాయికి నువ్వే నోరు తెరిచి చెప్పు, పెద్దల మీద వదిలేయకు.

మీ చెల్లి కూడా వెళ్ళాలంటోందని రాశావు. వెళ్ళనివ్వు. సి.ఎస్.ఐ.లో (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) స్త్రీలకి అభిషేకం ఉంది, 2013లో పుష్పలలిత గారు నంద్యాల బిషప్ అయ్యారు. ఇండిపెండెంట్ సంఘాల్లో మాత్రం చాలాచోట్ల ఇప్పటికీ ఆడవాళ్ళని పుల్పిట్ (ప్రసంగ వేదిక) ఎక్కనివ్వరు. తను ఏ సంఘంలో పనిచేయబోతుందో చూసుకుని కాలేజీ ఎంచుకోవాలి.

అప్లికేషన్ పెట్టేముందు మీ అయ్యగారిని కలిసి విషయం చెప్పు. బాప్తిస్మం సర్టిఫికెట్, సిఫారసు ఉత్తరం ఎలాగూ ఆయన దగ్గరే తీసుకోవాలి. ఆ తర్వాత చేరాలనుకున్న కాలేజీకి మామూలు పనిరోజు ఒకటి చూసి వెళ్ళు. గ్రాడ్యుయేషన్ రోజునో, క్రిస్మస్ ప్రోగ్రాముకో వెళ్తే ఏమీ తెలియదు. ఉదయం చాపెల్‌కి లెక్చరర్లు ఎంతమంది వస్తున్నారో చూడు, మెస్‌లో ఆఖరి ఏడాది వాళ్ళ పక్కన కూర్చుని, వారాంతాల్లో ఏ సంఘానికి పంపుతున్నారు, అక్కడ ఏం చేయనిస్తున్నారు అని అడుగు.